గండికోట దగ్గర తోట ఇల్లు: డబ్బు కట్టేముందు అడగాల్సినవి, వెళ్లాక చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇది. హైదరాబాద్ నుంచి ఆరుగురు వస్తున్నారు. అందులో డెబ్బై దాటిన అమ్మానాన్నలు, ఆరేళ్ల, పదేళ్ల పిల్లలు ఉన్నారు. డిసెంబరు మూడో వారంలో మూడు రాత్రులు ఉండాలి. జమ్మలమడుగు చుట్టుపక్కల ఊళ్లకు దూరంగా రెండు ఇళ్లు చూసిపెట్టుకున్నారు: చీనీ (బత్తాయి) తోటలో బాగుచేసిన పాత మట్టి మిద్దె ఒకటి, పెన్న లోయ అంచున రేకుల కాటేజీ ఒకటి. ఏది తీసుకోవాలి, ఏం చూసుకోవాలి?

మిద్దె తీసుకోండి. అయితే నీళ్ల సంగతి తేల్చుకున్నాకే. రాయలసీమలో తోట ఇల్లు బాగుందా లేదా అన్నది కిటికీలోంచి కనిపించే లోయతో తేలదు, కొళాయిలో వచ్చే నీళ్లతో తేలుతుంది.

ముందు కప్పు గురించి. డిసెంబరులో ఇక్కడ పగలు 29, 30 డిగ్రీలు, తెల్లవారుజామున 17, 18. రేకు కింద ఆ వేడీ, ఈ చలీ రెండూ ఎక్కువవుతాయి. మధ్యాహ్నం కింద కూర్చోలేరు, తెల్లవారుజామున చలికి పెద్దవాళ్లకు కీళ్లు పట్టేస్తాయి. పాత మిద్దెకు దూలాలు, దంతెల మీద నాపరాళ్లో కట్టె పేళ్లో పరిచి, పైన జానెడు, జానెడున్నర మందాన మట్టి వేసి ఉంటుంది. ఆ మందం వల్ల పగటి వేడి లోపలికి దిగేసరికి రాత్రవుతుంది. ఎండాకాలంలో అది బాధే, అందుకే అప్పుడు జనం మంచాలు బయట వేసుకుంటారు. డిసెంబరులో మాత్రం అదే వెచ్చదనం హాయి. పై పొరగా చౌటి మట్టి వేస్తారు. అందులో సోడియం ఎక్కువ కాబట్టి తడిసినప్పుడు మట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, వాన నీళ్లు కిందికి దిగవు. అయితే ఆ పొర ఏటా వానలకు కొంత కొట్టుకుపోతుంది. తిరిగి వేయకపోతే కారుతుంది. కాబట్టి యజమానిని సూటిగా అడగండి: “ఈ ఏడు వానలకు ముందు చౌడు వేయించారా? పైన సిమెంటు పోయించారా?” ఇంట్లో వెలుతురు కోసం కప్పులో గవాచి ఉంటే దానికి అద్దం గానీ జాలీ గానీ బిగించారో లేదో కూడా అడగండి. ఖాళీగా వదిలితే వాన, పిల్లి, ఎలుక, ఎలుక వెనకాలే పాము.

ఇక నీళ్లు. ఈ ప్రాంతంలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి. కొన్ని మండలాల్లో ఫ్లోరైడ్ కూడా ఎక్కువే. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాళ్లు ఇంకా పెరుగుతాయి. నిజం చెప్పాలంటే మూడు రోజుల ఫ్లోరైడ్‌తో మీకు ఏమీ కాదు, అది ఏళ్ల తరబడి తాగేవాళ్ల కష్టం. మీకు ఇబ్బంది పెట్టేవి రెండు: మూత లేని తొట్టిలో నిలిచిన నీళ్లతో వచ్చే విరేచనాలు, గట్టి నీళ్లలో ఉడకని పప్పు. నీళ్లలోని కాల్షియం పప్పు గింజ పొరను బిగదీస్తుంది, ఎన్ని విజిళ్లు వేయించినా పలుకుగానే ఉంటుంది. తాగడానికే కాదు, పప్పుకూ టీకీ కూడా క్యాన్ నీళ్లే వాడండి.

లెక్క ఇలా వేసుకోండి. మనిషికి తాగడానికి 3 లీటర్లు, ఆరుగురికి 18. వంటకు 9. రోజుకు 27 లీటర్లు, నాలుగు పగళ్లకు 108. అంటే 20 లీటర్ల క్యాన్లు ఆరు. ఊర్లోని ప్లాంటు నుంచి ముందురోజే తెప్పించి పెట్టమని చెప్పండి, “రోజూ తెస్తాం లెండి” అంటే ఒప్పుకోకండి. వానపడి ఆటో రాకపోతే మీరు ఎండిపోతారు. వాడుక నీళ్లకు ట్యాంకు ఎన్ని లీటర్లో అడగండి. వెయ్యి లీటర్ల ట్యాంకు ఆరుగురికి పొదుపుగా రెండు రోజులు వస్తుంది. ఐదొందలదైతే రోజూ మోటారు వేయాల్సిందే. అప్పుడు మీ స్నానాలు కరెంటు టైముకు ముడిపడతాయి.

అందుకే కరెంటు గురించి అడగాల్సిన ప్రశ్న “కరెంటు ఉందా?” కాదు, “ఇంటి లైనా, మోటారు లైనా?” అన్నది. చేలల్లోకి వచ్చే వ్యవసాయ ఫీడరుకు రోజుకు తొమ్మిది గంటలే సరఫరా. ఇంటిని ఆ లైనుకే కలిపి ఉంటే చీకటి పడ్డాక ఫ్యాను కూడా తిరగదు. అలా కలపడం నిబంధనలకు విరుద్ధం కూడా. ఊరి ఇళ్ల లైను లాగించుకున్న తోట ఇల్లు అయితేనే రాత్రి నిశ్చింత.

“ఇన్వర్టర్ ఉంది సార్” అంటే ఎంతసేపు వస్తుందో మీరే లెక్కగట్టుకోవచ్చు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్. పాతబడిన బ్యాటరీలో 60 శాతం వస్తే గొప్ప, అందులో ఇన్వర్టర్ మింగేది పోగా 900 చేతికొస్తుంది. రెండు పాత ఫ్యాన్లు 150 వాట్లు, నాలుగు బల్బులు 36, ఫోన్ల చార్జింగు కలిపి 200 వాట్లు. అంటే నాలుగున్నర గంటలు. పడుకునేటప్పుడు ఒక ఫ్యాను, ఒక బల్బు మీద ఉంటే తెల్లవార్లూ వస్తుంది. అందరూ ఒకే గదిలో పడుకోగలరా అని ముందే మాట్లాడుకోండి.

స్నానాల గదికి వెళ్లగానే రెండు చూడండి. మొదటిది, గ్యాస్ గీజర్ గది లోపల ఉందా? ఉంటే వాడకండి. కిటికీ మూసిన చిన్న గదిలో అది కార్బన్ మోనాక్సైడ్ నింపుతుంది, వాసన రాదు, మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. పిల్లలను అస్సలు పంపకండి. రెండోది, కొళాయి ముట్టుకుంటే చేతికి జిల్లుమంటుందా? ఈ నేలల్లో ఎర్తింగ్ గుంత ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచేయదు. మోటారుకో గీజరుకో తగిలిన లీకేజీ ఇనుప పైపుల్లోకి వస్తుంది. జిల్లుమంటే మెయిన్ ఆపి, యజమానికి ఫోన్ చేసి, బాగయ్యేదాకా కొళాయిలు ముట్టకండి. బకెట్లో వేసే హీటర్ రాడ్డు అసలే వద్దు. అన్నిటికంటే మంచిది బయట కట్టెల పొయ్యి మీద కాగు పెట్టించుకోవడం. పనివాళ్లుంటే పొద్దున ఐదున్నరకే వెలిగిస్తారు.

దారి గురించి. హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా రెండో మాటే లేదు, హైవే. ఆ తర్వాత బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపంతా చాలావరకు నల్లరేగడి. తారు రోడ్డు బాగానే ఉంటుంది, తోటకు చేరే చివరి కిలోమీటరే మీ పరీక్ష. అది ఎర్రమట్టి, గరుసు దారి అయితే వాన వెలిసిన గంటకు బండి పోతుంది. రేగడి అయితే చిన్న వానకే టైర్లకు మట్టి పేరుకుని, చక్రం చుట్టూ బిగిసి, కారు పక్కకు జారుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ లోపలికి దిగుతుందే తప్ప పైకి రాదు. ఆపి, ఇంజను కట్టేసి, పూట ఆగండి. ఎండ తగిలితే పైపొర తొందరగానే గట్టిపడుతుంది. ఆగలేకపోతే చక్రాల ముందు కంది కట్టో, గరుసో, నాపరాయి పెచ్చులో వేసి రెండో గేరులో నెమ్మదిగా లాగాలి. యజమానిని “చివరి కిలోమీటరు ఏ నేల? మధ్యలో వంక, అంటే వాగు, ఉందా?” అని అడగండి.

వంక అన్న మాట తేలిగ్గా తీసుకోకండి. మనకు నైరుతి వానలకంటే ఈశాన్య రుతుపవనాల టైములో, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడే ముప్పు ఎక్కువ. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయింది అలాంటి వానకే. డిసెంబరు మూడో వారానికి సాధారణంగా తగ్గుతాయి గానీ, బయలుదేరే మూడు రోజుల ముందు నుంచీ వాతావరణ శాఖ హెచ్చరికలు చూస్తుండండి. వాయుగుండం అంటే తేదీ మార్చుకోండి. అడ్వాన్సు కట్టేటప్పుడే “వానకు దారి తెగితే డబ్బు వాపసా, తేదీ మార్పా?” అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట వద్దు.

ఇక రాత్రిళ్లు. మీ ఉత్తరంలో ఈ ఒక్కటే లేదు, నేను ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే.

పాముల్లో మనుషుల్ని ఎక్కువగా చంపేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, రంపపు పొలుసుల చిన్న పింజర. నాలుగూ ఈ నేలల్లో ఉన్నవే. కట్లపాము సంగతి వేరు. అది రాత్రే తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. నొప్పి, వాపు ఉండకపోవచ్చు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపులో నొప్పి, వాంతి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలైతే “రాత్రి తిన్నది పడలేదు” అనుకుని కూర్చోకండి. చలి తగ్గితే పిల్లలు చాప వేసుకుని నేల మీద పడుకుంటామంటారు. ఒప్పుకోకండి. మంచం ఉండాలి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపాలి, దుప్పటి నేలకు వేలాడకూడదు. గోడ పక్కన కట్టెల పోగు, నాపరాళ్ల దొంతి, గడ్డి వామి, కోళ్ల గంప ఉంటే పడకగది ఆ వైపు పెట్టుకోకండి.

కాటు పడితే చేయాల్సింది తక్కువ, చేయకూడనిదే ఎక్కువ. మనిషిని పడుకోబెట్టి, ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి, వాపు వచ్చాక రావు. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా కర్రముక్క కట్టండి, బిగించకుండా. తాడుతో గట్టిగా కట్టవద్దు. పింజర విషం కండను కుళ్లబెడుతుంది, కట్టు బిగిస్తే రక్తం ఆడక ఆ భాగమే పోతుంది. కోయవద్దు, పీల్చవద్దు, పామును వెతికి చంపుతూ టైము పోగొట్టవద్దు. మన ఆసుపత్రుల్లో ఉండే విరుగుడు మందు ఆ నాలుగు పాములకూ కలిపి చేసిందే, పేరు తెలియకపోయినా వైద్యం ఆగదు. నడిపించకండి. 108కి ఫోన్ చేయండి, దూరమైతే మీ కారులోనే బయలుదేరి దారిలో కలవండి. వచ్చేముందే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రభుత్వ ఆసుపత్రుల ఫోన్ నంబర్లు రాసిపెట్టుకుని, విరుగుడు మందు ఉందో లేదో కనుక్కోండి. ఇంటికి దారి చెప్పే రెండు వాక్యాలు కాగితం మీద రాసి తలుపుకు అంటించండి: ఏ ఊరు, ఆ ఊరి బడి దగ్గర్నుంచి ఎటు, ఎన్ని కిలోమీటర్లు. కంగారులో మ్యాపు తెరుచుకోదు, సిగ్నలూ ఉండదు.

తేలు రాతి నేలలో ఎక్కువ. మూడొందల రూపాయల్లో దొరికే చిన్న అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి కొనుక్కోండి. చీకట్లో ఆ వెలుతురు పడితే తేలు పచ్చగా మెరిసిపోతుంది, గోడ సందులో ఉన్నా దొరికిపోతుంది. పడుకునేముందు మంచం చుట్టూ, స్నానాల గదిలో ఒకసారి తిప్పండి. పిల్లలు ఈ పని సంతోషంగా చేస్తారు. పొద్దున బూట్లు దులిపి వేసుకోవాలి. తేలు కుడితే పెద్దవాళ్లకు చాలాసార్లు మంట, నొప్పితో పోతుంది. పిల్లలకు మాత్రం చెమటలు, వాంతులు, చేతులు చల్లబడటం కనిపిస్తే అది గుండె మీద పనిచేస్తోందని అర్థం. వెంటనే ఆసుపత్రికి.

పాము, తేలు కంటే నాకు భయం వేసేది ఇంకోటి: అడవిపందులకని చేల చుట్టూ కట్టే కరెంటు తీగ. చట్టం ఒప్పుకోదు, అయినా శనగ, చెనక్కాయ (వేరుశనగ) చేలకు రాత్రిపూట కట్టేవాళ్లు ఉన్నారు. సన్నటి ఇనుప తీగ, మోకాలెత్తులో, చీకట్లో కనపడదు. చీకటిపడ్డాక గట్ల మీద, చేలల్లో షికారు వద్దు. బండి దారి దాటి అడుగు పెట్టకండి. పగలు కూడా పిల్లలను తోటలో ఒంటరిగా వదలకండి. మూత వేయని ఎండు బోర్లు, గోడ లేని దిగుడు బావులు ఇంకా ఉన్నాయి. చేరిన మొదటి గంటలోనే కాపలా ఉండే పెద్దాయనను వెంటబెట్టుకుని తోటంతా తిరిగి, బోరు ఎక్కడ, బావి ఎక్కడ, తీగ ఎక్కడ అని చూసుకోండి.

చూసే చోట్లు మీకు తెలిసినవే, వాటి వరుస మాత్రం మార్చండి. బెలుం గుహలు మీరు వచ్చే దారిలో, కొలిమిగుండ్ల దగ్గర పడతాయి. గండికోట నుంచి వెనక్కి రావాలంటే సుమారు 60 కిలోమీటర్లు. కాబట్టి వచ్చే రోజే, మధ్యాహ్నం మూడులోపు అక్కడికి చేరండి. మొత్తం 3,229 మీటర్ల పొడవులో కిలోమీటరున్నర దాకా జనాన్ని పోనిస్తారు. పైన చలిగా ఉన్నా లోపల ఉక్క, గాలి తక్కువ, అందుకే గొట్టాలతో గాలి పంపుతారు. దిగడానికి మెట్లు, కొన్నిచోట్ల వంగి నడవాలి. మోకాళ్ల నొప్పి, ఆయాసం ఉన్నవాళ్లు మెట్ల కింద మొదటి విశాలమైన గది చూసి వెనక్కి వస్తే చాలు. స్వెటర్లు కారులో వదిలేయండి.

గండికోటకు మాత్రం తెల్లవారకముందే వెళ్లాలి. ఆ రోజుల్లో ఆరున్నరకు సూర్యోదయం. ఆరుకల్లా కోట లోపల ఉంటే పెన్న ఎర్రమలను కోసిన గండి మీద వెలుతురు ఎర్రరాతి గోడల్లోకి దిగడం చూస్తారు. ఎనిమిది దాటితే అది మామూలు లోయ, వారాంతమైతే జనం. అంచున చాలాచోట్ల రక్షణ కంచె లేదు, బండలు మంచుకు జారుడుగా ఉంటాయి, గాలి గట్టిగా తోస్తుంది. పిల్లల చెయ్యి వదలకండి, అంచుకు మూడు బారల దూరంలో ఆగండి. అమ్మానాన్నలకు లోయ దాకా బండల మీద నడక కష్టం. వాళ్లను జుమ్మా మసీదు, పాత ధాన్యాగారం, మాధవరాయ స్వామి గుడి దగ్గర తీరిగ్గా తిప్పండి. కోటలో నాకు లోయకంటే ఎక్కువ ఇష్టమైన భాగం అదే. నీళ్లలోకి దిగడం మాత్రం వద్దు. అది మైలవరం జలాశయం వెనక నీరు, పైకి కదలనట్టే ఉంటుంది, లోతు ఒక్క అడుగు తేడాలో మారిపోతుంది.

తిండి. వంట చేసిపెట్టే ఆవిడ ఉంటే అదృష్టం. బయట ఉగ్గాని బజ్జీ జమ్మలమడుగులో తినండి, ఇంట్లో సంగటి చేయించుకోండి. మీరే చేసుకోవాలంటే ఆరుగురికి ఇది కొలత: రెండు గ్లాసుల బియ్యం కడిగి అరగంట నానబెట్టి, తొమ్మిది గ్లాసుల నీళ్లలో మెత్తగా, గంజి ఇంకా మిగిలేలా ఉడికించండి. ఉప్పు వేసి, మూడు గ్లాసుల రాగి పిండి మధ్యలో కుప్పగా పోయండి. కలపకండి. కట్టెతో ఆ కుప్పకు నడుమ ఒక గుంత చేసి, మూత పెట్టి, మంట తగ్గించి ఏడెనిమిది నిమిషాలు వదలండి. ఆవిరి గుంతలోంచి లేచి పిండి ఉడుకుతుంది. తర్వాత దించి, గిన్నెను కాళ్లతోనో పట్టకారుతోనో బిగించి పట్టుకుని, కట్టెతో ఒకే దిక్కుగా గట్టిగా కెలకాలి. పిండి పోసిన వెంటనే కలిపేస్తే ఉండలు కడుతుంది, లోపల పచ్చి పిండి మిగులుతుంది, పిల్లలకు కడుపు నొస్తుంది. గంజి చాలకపోతే గట్టిబడి పగులుతుంది, ముందే ఒక గ్లాసు మరిగే నీళ్లు పక్కన పెట్టుకోండి. చేతులు తడి చేసుకుని ముద్దలు కట్టండి. పక్కన నాటుకోడి పులుసు లేదా చెనక్కాయల ఊరుబిండి.

ఆ వారంలో అమావాస్య దగ్గరపడితే ఇంకా మంచిది. క్యాలెండరు చూసి, రెండు రోజులు అటూ ఇటూ జరిపే వీలుంటే జరపండి. ఎనిమిదిన్నర తర్వాత బయటి బల్బులన్నీ ఆపించి, ముంగిట్లో, బాగా ఊడ్చిన చోట మంచాలు వేసుకుని పదిహేను నిమిషాలు ఎవరూ ఫోను వెలిగించకుండా ఉండాలి. కళ్లు చీకటికి అలవాటుపడటానికి అంతసేపు పడుతుంది. మధ్యలో ఒక్కసారి తెర వెలిగిందంటే మళ్లీ మొదటికే. నడినెత్తి వైపు పిల్లలకోడి గుంపు, తూర్పున గొల్లకావడి మూడు చుక్కలు బారుగా కనిపిస్తాయి. అమ్మానాన్నలను అడగండి, వాటి పేర్లు పిల్లలకు వాళ్లే చెబుతారు. పదిన్నరకు మంచు దిగడం మొదలవుతుంది, అప్పటికి మంచాలు లోపలికి తెచ్చేయండి.